వివరాలకు ఫోటో చూడగలరు

నా ఉద్యోగం గురించి మా అమ్మ కామారెడ్డిలో ఎవరికీ పూర్తిగా చెప్పదు. "కంప్యూటర్ల చేస్తడు" అని ఊరుకుంటుంది. ఒకసారి పక్కింటామె వదలకుండా అడిగితే నిజం చెప్పక తప్పలేదు.

"ఫోటోల ఏమున్నదో రాస్తడు."

పక్కింటామె కాసేపు ఆలోచించింది. "ఫోటోల ఏమున్నదో ఫోటోలనే కనవడ్తది గదా?" అంది.

అమ్మ దగ్గర దానికి జవాబు లేదు. డిగ్రీ చదివించిన కొడుకు గురించి వాకిట్లో నిలబడి అంతకన్నా ఇబ్బంది పడటం ఇష్టం లేక లోపలికి వచ్చేసింది.

జవాబైతే ఉంది. ఇంటర్నెట్లో ప్రతి బొమ్మ వెనకా ఒక వాక్యం పెట్టడానికి చోటుంటుంది. చూపున్నవాళ్లకు అది కనపడదు. చూపు లేనివాళ్ల ఫోను ఆ బొమ్మ దగ్గరికి రాగానే దాన్ని పైకి చదువుతుంది. అక్కడ వాక్యం లేకపోతే "ఫోటో" అని ఒక్క ముక్క అనేసి ముందుకు పోతుంది. ఆ వాక్యాన్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు. నేను రాసేది అది. కంపెనీ హైదరాబాదులో, సైట్లు ఏవో దేశాలవి, నేను కామారెడ్డిలో మా మేడమీది గదిలో. సోఫాలు, సూట్‌కేసులు, గిన్నెలో కోసిపెట్టిన ఆకులు, వాటిని చూసి నవ్వుతున్న దంపతులు. ఈ నవ్వుతున్న దంపతులు చాలామంది తగులుతారు. ఎందుకు నవ్వుతున్నారో రాయకూడదు.

అది నియమం. కనిపించేదే రాయాలి. ఊహించకూడదు. "అందమైన" అనకూడదు. ఒక్క వాక్యంలో ముగించాలి. కాలేజీలో మా తెలుగు సారు నాకు ఊహాశక్తి బొత్తిగా లేదని క్లాసులో అందరి ముందూ అన్నాడు. అది అర్హత కిందికి వచ్చే ఉద్యోగం ఒకటుందని పాపం ఆయనకూ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు.

నేను రాసింది ఎవరు వింటారో నాకు తెలియదు. వినేవాళ్లలో నాకు తెలిసిన మనిషి ఒక్కతే, మా పెద్దమ్మ కూతురు. ఎల్లారెడ్డిలో ఉంటుంది, బీడీలు చేస్తుంది. పసితనంలో తట్టు పోసి చూపు పోయింది. పెద్దమ్మ పోయాక తమ్ముడి ఇల్లే ఆమె ఇల్లు. ఆ తమ్ముడు దుబాయిలో, ఇంట్లో అక్కా, మరదలూ. అక్క ఫోను మాట్లాడేట్టు పెట్టిచ్చింది నేనే. ఆ ఫోను గొంతు పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుందని అక్క దానికి పంతులమ్మ అని పేరు పెట్టింది. "పంతులమ్మకు జర కోపమెక్కువ. వేలు ఎక్కడ వెట్టినా గుణుస్తది" అంటుంది.

పంతులమ్మ రాకముందు అక్కకు లోకంలో బొమ్మలన్నీ చెప్పింది మామ, అంటే మా ఇద్దరి మేనమామ. కామారెడ్డిలో సగం దుకాణాల బోర్డులు ఒకప్పుడు ఆయన రాసినవే. అక్కను చిన్నప్పుడు వెంట తిప్పుకునేవాడు. రేకు మీద రాసిన అక్షరం ఆరాక అంచున సన్నగా గట్టు కడుతుంది. గోళ్లల్లో ఎప్పుడూ రంగు ఉండే చేత్తో ఆ గట్టు మీద అక్క వేలు పెట్టి నడిపించేవాడు. అక్క అక్షరాలన్నీ అట్లా వచ్చినవే. ఆమె తనంతట తాను చదివిన మొదటి వాక్యం "అప్పు ఇవ్వబడదు".

సినిమాకు తీసుకుపోయి తెర మీద జరిగేదంతా చెవిలో చెప్పేవాడు. జరగనిది కూడా చెప్పేవాడు. ఒక సినిమాలో విలన్ వాకిట్లో గొలుసుతో కట్టేసిన పులి ఉండేదని అక్క చాలా ఏళ్లు చెప్పింది. తర్వాతెప్పుడో అదే సినిమా టీవీలో వస్తే మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూశాను. పులి లేదు. అదే మాట అక్కకు చెప్పాను.

"నీకు కనవడలేదేమో" అంది.

మా కంపెనీలో అయితే మామ ఉద్యోగం మొదటి రోజు సాయంత్రం దాకా కూడా ఉండేది కాదు.

రేకు బోర్డులు పోయి ఫ్లెక్సీలు వచ్చాయి. మామ కుంచె కడిగి పక్కన పెట్టాడు, ఆయన కొడుకు ఫ్లెక్సీ దుకాణం పెట్టాడు. నాకు బావ. మంచివాడు, ఆ మాట ముందే చెప్పాలి, తర్వాత సందు దొరకదు. మా కుటుంబంలో ఏం జరిగినా బావ పోస్టరు చేసి ఫోన్లో చుట్టాల గ్రూపులో పెడతాడు. అన్నిటికీ ఒకటే నమూనా. మధ్యలో గుండ్రంగా మనిషి, వెనక కిరణాలు, కింద వరసగా చుట్టాల తలకాయలు. పుట్టినరోజుకు కిరణాలు ఎర్రగా ఉంటాయి, చావుకు నీలంగా ఉంటాయి. రంగు మారుతుంది, తలకాయలు మారవు. చూపున్నవాళ్లకు అంత తేడా చాలు.

"బావా, పోస్టర్ కింద ఒక్క ముక్క రాయరాదు? అక్కకు ఫోటో అనే వినవడ్తది" అని ఒకసారి అడిగాను.

"పోస్టర్ల అంత రాసే ఉంటది కద బామ్మర్దీ. మల్ల కిందనే రాస్తే నా పోస్టర్ ఎవడు జూస్తడు?"

"అక్క కోసం జెప్తున్న."

"వదినకు నువ్వున్నవు గద. లోకంల సోఫాల గురించి రాస్తవు, మా గురించి రాయవా? సోఫాలంత మెత్తగ లేమా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, బాగానే అన్నాడు. అప్పటినుంచి నా కంట పడినప్పుడల్లా పోస్టరు కింద ఒక వాక్యం నేనే రాసేవాణ్ని. పడనప్పుడు అక్కకు వేరే పద్ధతుంది. పోస్టరు తర్వాత జనం పెట్టే బొమ్మలను పంతులమ్మ పేర్లు పెట్టి చదువుతుంది కదా, వాటిని బట్టి పోల్చుకునేది. కేకు అంటే పుట్టినరోజు. కొబ్బరికాయ అంటే గృహప్రవేశం. ఎక్కువసార్లు సరిపోయేది.

ఆ వారం మామకు సన్మానం ఉంది. పాత బోర్డులు రాసినాయన అని దుకాణాలవాళ్లు ఆదివారం పిలిచి శాలువా కప్పుతామన్నారు. పోస్టర్ వస్తుందని బావ ముందే గ్రూపులో చెప్పాడు. అక్క ఎదురు చూస్తోంది. రోజూ ఫోన్ చేసి, "వచ్చిందా?" అని అడిగేది.

ఆదివారం రాకముందే ఒక రోజు పొద్దున నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. సోఫా మీద పడుకున్న కుక్క ఏ జాతిదో రాయాలా, కుక్క అంటే సరిపోతుందా అన్న విషయం మీద చర్చ నడుస్తోంది. అది తేలాక గ్రూపు తెరిస్తే అన్నిటికన్నా కింద అక్క రికార్డు చేసి పెట్టిన గొంతు ఉంది. నొక్కాను.

"మామా, నూరేండ్లు సల్లగుండాలె నువ్వు. శాలువ కప్పినంక ముందుగాల నా చేతికియ్యి. ఎట్లున్నదో జూస్త."

పైకి జరిపి చూశాను. బావ పెట్టిన పోస్టరు, మధ్యలో మామ, వెనక నీలం కిరణాలు.

పంతులమ్మ అక్కకు చదివింది ఇదీ: ఫోటో. జోడించిన చేతులు. జోడించిన చేతులు. పుష్పగుచ్ఛం. జోడించిన చేతులు. సన్మానానికైనా అవే చేతులు, చావుకైనా అవే చేతులు. మావాళ్లు రెండింటికీ ఒకటే వాడతారు.

అక్క గొంతు కింద ఎవరూ ఏమీ రాయలేదు. ఒకాయన మాత్రం బొటనవేలు పెట్టాడు.

బావకు ఫోన్ చేశాను. ఏడుస్తున్నాడు.

"తెల్లారంగ పోయిండు. పక్క మీదనే. చాయ్ తీస్కపోతే లేస్తలేడు."

"అక్కకు జెప్పినవా?"

"గ్రూపుల పెట్టిన గద."

తప్పించుకోవడానికి అన్న మాట కాదు అది. తండ్రి పోతే అతని చేతులు వాటంతటవి కంప్యూటర్ దగ్గరికి పోయాయి. లోకానికి ఏదన్నా చెప్పడం అంటే అతనికి తెలిసింది అదొక్కటే. "దుబాయికైతే ఫోన్ జేసిన" అన్నాడు మళ్లీ. "వానికి డ్యూటీల గ్రూపు జూసుడు కుదరది గదా అని."

అక్కకు చేశాను. మరదలు పొద్దున్నే నాట్లకు పోయిందట, ఇంట్లో ఒక్కతే ఉంది.

"పోస్టర్ మంచిగొచ్చిందా తమ్మీ? మామ ఏ అంగి తొడిగిండు?"

చెప్పాను. అటువైపు చాటలో బీడీ ఆకు గలగల మాత్రం వినిపించింది. చేయి ఆగనట్టుంది.

"నూరేండ్లు బతుకుమన్న గద నేను."

"అన్నవు."

"అప్పటికే పోయిండా?"

"పోయిండు."

ఆకు చప్పుడు ఆగింది. "నేను మొఖం ముట్టాలె తమ్మీ. తీస్కపోకముందు ఒక్కపారి ముట్టాలె. జర ఆపుమను."

ఆమె అడిగింది అదొక్కటే.

దారిలో మామ ఇంటి ముందు బండి ఆపాను. వాకిట్లో పడుకోబెట్టారు. పక్కన కుర్చీలో మామకు అన్న వరసయ్యే పెద్దమామ కూర్చుని ఉన్నాడు. ఇట్లాంటి పనులన్నీ మా ఇండ్లల్లో ఆయన చెప్పినట్టే జరుగుతాయి.

"అక్కను తోలుకొస్త. వచ్చేదాంక ఆపుండ్రి" అన్నాను.

"పగటీలి అమాస తగుల్తది. అంతల లేపాలె." మధ్యాహ్నం అమావాస్య రాకముందే దహనం అయిపోవాలని ఆయన మాట.

"ఎల్లారెడ్డి ఎంత దూరం పెద్దమామా. పోయి వచ్చుడే."

"అది కాదు రా. వచ్చి ఏం జూస్తది?"

ఆయన గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. లెక్క సరిచూస్తున్నట్టు అడిగాడు. అక్కడున్నవాళ్లలో ఒకరిద్దరు తల కూడా ఊపారు.

"ముట్టుకుంటది" అన్నాను.

"ముట్టుకునుడేంది, అంగి బట్ట కొంటున్నదా?"

బావ నా చేయి పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చాడు. "నువ్వు పో బామ్మర్దీ. నేను ఆపుత" అన్నాడు. ఆపుదామనే అనుకున్నాడు, అందులో నాకు అనుమానం లేదు.

లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి రోడ్డు నాకు కొట్టిన పిండే. అక్క గేటు బయట చెప్పులు తొడుక్కుని నిలబడి ఉంది. తల దువ్వుకుంది. బండెక్కి నా భుజం పట్టుకుంది. ఊరు దాటాక అడిగింది.

"నా మాట అందరు విన్నరా గ్రూపుల?"

"విన్నరు."

"ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఒకాయన బొటనేలు వెట్టిండు."

"మెచ్చుకున్నడన్నట్టు" అంది.

లింగంపేట దాటాక మళ్లీ, "తొందరగ పో" అంది. బండి అంతకన్నా వేగంగా పోదని ఆమెకు చప్పుడును బట్టి తెలుసు. అయినా అంది.

ఆ సమయంలో మామ వాకిట్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. దుబాయి నుంచి అక్క తమ్ముడి వీడియో కాల్ కోసం ఆగారు. కాల్ కలవడం, తెగడం, మళ్లీ కలవడం. బావ ఫోను మామ మొహం మీద పట్టుకుని నిలబడ్డాడు. "ఇంక జర కిందికి వట్టు, ఎండ గొడ్తున్నది", "ఆగిపోయింది, మల్ల జెయ్యి", "ఇప్పుడు కనవడ్తున్నడా?" కనపడ్డాడట. పాపం బాగా ఏడ్చాడట. అక్క ఏదని అడిగితే వస్తోందని చెప్పారట. అమావాస్య ఆగగలిగినంతసేపూ దుబాయి కోసం ఆగింది. ఎల్లారెడ్డి వంతు వచ్చేసరికి పెద్దమామ ఆకాశం చూశాడు.

మేం కామారెడ్డిలో అడుగుపెట్టేసరికి బావ ఫోన్. నేను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నానే గాని, అక్క వెనకనుంచి అంతా వింటోంది.

"నిప్పు వెట్టినం బామ్మర్దీ" అన్నాడు.

ఇంటికి పోయేసరికి వాకిలి కడిగేశారు. నీళ్లు ఇంకా గేటు కిందినుంచి పోతున్నాయి. అక్క చెప్పులు విడిచి ఆ తడిలో నిలబడింది. ఎక్కడ పడుకోబెట్టారని అడిగితే చూపించాను, అంటే అక్కడికి తీసుకుపోయాను. వంగి నేలను తాకింది. తర్వాత పక్కనే నీళ్ల సంపు గట్టు మీద కూర్చుంది. సంపు మీద మూతగా పాత రేకు ఒకటి వేసి ఉంది. ఆమె వేళ్లు ఊరికే దాని మీదికి పోయి, అక్కడ ఆగి, మెల్లగా నడిచాయి.

"సైకిల్ రిపేరుది" అంది. "దీన్ని సంపు మీదేసిన్రా?"

"రేకు గట్టిది గద" అన్నారు ఎవరో లోపలినుంచి.

అక్క చేయి తీయలేదు. "నువ్వు జూసినవు గద తమ్మీ. ఎట్లున్నడో జెప్పు."

చెప్పాను. కళ్లు మూసి ఉన్నాయి. నుదుటి మీద రూపాయి బిళ్ల. గడ్డం కిందినుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టారు. ముక్కులో దూది. మీసానికి కొత్తగా నల్లరంగు వేసి ఉంది, ఆదివారం కోసం వేసుకున్నట్టున్నాడు. ఆ చివరిది ఊహ, అనకూడనిది. కానీ అప్పటికే అనేశాను.

"గిట్ల సోఫాల గురించి జెప్పు" అంది అక్క. "మామ గురించి గిట్ల జెప్తరా?"

"మరెట్ల?"

"మామ అయితే ఎట్ల జెప్తుండెనో గట్ల."

ప్రయత్నించాను. ఊహించను అన్న హామీ మీద జీతం తీసుకునే మనిషిని. నోట్లోకి పులి రాలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఇస్తరాకులో అన్నం, మామకు ఇష్టమైనవి అన్నీ పెట్టి దూరంగా నిలబడ్డాం. పోయినవాళ్లకు మనసులో ఏదన్నా కొరత ఉంటే పిట్ట ముట్టదంటారు. నేను, నిజం చెప్పాలంటే, ముట్టొద్దనే కోరుకున్నాను. సాయంత్రం దాకా ముట్టకుండా ఉంటే, ఎందుకు ముట్టడం లేదని పెద్దమామ అందరినీ అడిగితే, నా దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంది. కాకి మేం వెనక్కి తిరిగే లోపే వచ్చి వాలింది.

"ఏ కొరత లేదు. సక్కగ పొయ్యిండు" అన్నాడు పెద్దమామ తృప్తిగా.

"కాకికి ఎవలు ఫోన్ జేసిన్రు?" అంది అక్క.

ఎవరూ నవ్వలేదు. బావ తల దించుకున్నాడు.

గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. వెళ్లేటప్పుడు అక్క దాని మీద అరచేయి పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపించింది. నున్నగా ఉంటుంది కదా.

"ఏమన్న రాసున్నదా దీని మీద?"

"శాన రాసున్నది" అన్నాను.

బావ బస్టాండు దాకా వచ్చాడు. బస్సెక్కబోతుంటే అక్క చేతులు పట్టుకున్నాడు. "తప్పయింది వదినా. ఇగనుంచి ప్రతి పోస్టర్ కింద రాస్త. మా బాపు మీద ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకున్నాడు. పెద్దకర్మకు పిలుస్తూ గ్రూపులో మళ్లీ పోస్టర్ పెట్టినప్పుడు దాని కింద, బావ జీవితంలో మొదటిసారి, ఒక వాక్యం ఉంది. "వివరాలకు ఫోటో చూడగలరు."

నేను అది చదివి ఇంకా ఏం చేయాలో అనుకుంటుండగానే అక్క ఫోన్.

"తమ్మీ, పంతులమ్మ నన్ను ఫోటో చూడగలరు అంటున్నది. ఈపారి ఎవలు?"

"మామనే. పెద్దకర్మకు పిలుపు."

"జెప్పు ఏమున్నదో."

చెప్పాను. మధ్యలో మామ, దండ, నీలం కిరణాలు. పైన ఒక మూల దీపం. కింద శోకతప్త కుటుంబసభ్యులు అని రాసి, వరసగా మనుషులు.

"శోకతప్తల నేనున్ననా?"

"ఉన్నవు. కింది వరుసల."

"మంచిది. కబురు జెప్పకున్నా ఏడ్వనీకైతే వెట్టిన్రు. ఎట్లున్న?"

ఏదో పెళ్లి ఆల్బంలోంచి కత్తిరించిన ఫోటో. మిగతా అందరివీ ఆధార్ కార్డు మొహాలు. అక్క ఒక్కతే నోరు తెరిచి నవ్వుతోంది.

"నవ్వుతున్నవు" అన్నాను.

"నవ్వుతున్ననా?"

"పండ్లు కనవడ్తున్నయి."

"ఎందుకు?"

ఎందుకో రాయకూడదన్నది నా నియమం. అయినా ఫోటోలో ఇంకొకటి కనిపిస్తోంది. కనిపించేది వదలకూడదన్నదీ నియమమే. "నీ భుజమ్మీద ఎవరిదో చెయ్యున్నది. మణికట్టు కాడ కోసేసిన్రు, మనిషి లేడు."

"గోర్లల్ల రంగున్నదా?" అంది.

ఫోటో పెద్దది చేసి చూశాను. బావ సైజు తగ్గించి పెట్టిన ఫోటో. గోళ్ల సంగతి అటుంచి వేళ్లే ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఏమీ తెలియడం లేదు.

"ఉన్నది. ఆకుపచ్చ రంగు. బొటనేలు గోరుకు ఇంకా తడిగనే ఉన్నట్టున్నది" అన్నాను.

"నేను పోయిన పెండ్లిండ్ల నాటికే మామ కుంచె ఇడిచి ఎన్నేండ్లాయె" అంది అక్క. కోపంగా కూడా అనలేదు. తర్వాత ఫోన్ పెట్టేయబోతూ ఆగి, "మామ గింతకన్న మంచిగ జెప్తుండె" అంది.